పని పంచిన కాపరి: బిషప్ అజరయ్య గారి జీవితం

నూరేళ్ళ పండుగ చేసుకొనే వేళ మనమందరం వెనుకకు తిరిగి చూస్తాం. దేవాలయాలు కట్టించిన వారి పేర్లు రాతిపలకల మీద ఉన్నాయి. బడులు, ఆసుపత్రులు స్థాపించిన దొరల పేర్లు, దొరసానుల పేర్లు మన నోట ఉన్నాయి. అయితే పొద్దంతా పొలం పని చేసి వచ్చిన వారిని గుడిసెలో కూర్చోబెట్టి, కిరసనాయిలు దీపం వెలుగులో ప్రభువు ప్రార్థన నేర్పిన ఉపదేశకుని పేరు ఏ పలక మీద ఉంది? ఇల్లిల్లూ తిరిగి పిడికెడు బియ్యం పోగుచేసి గుడికి తెచ్చిన పెద్దమ్మ పేరు ఎవరికి జ్ఞాపకం? మన సంఘాలు ఒకరిద్దరు గొప్పవారి వలన మాత్రమే నిలువలేదు. చిన్న చిన్న పనులను తమవిగా ఎంచుకొని నమ్మకంగా చేసిన వేలాదిమంది వలన నిలిచాయి.

ఈ సంగతిని బాగా ఎరిగి, పనిని తన చేతిలో దాచుకోక, ఆ వేలాదిమందికి పంచి ఇచ్చిన దైవజనుడు ఒకరు మన తెలుగుదేశంలో జీవించారు. వారే డోర్నకల్ మొదటి బిషప్ కీర్తిశేషులు వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు. డోర్నకల్ మనకు దూరమే. అది తూర్పున రైల్వే జంక్షను, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. మన ఝరాసంగం, జహీరాబాద్ పడమటి సరిహద్దున ఉన్నాయి. అయినా ఆనాడు ఈ రెండూ నిజాం రాజ్యంలోనివే. అక్కడి పల్లెల్లో ప్రభువును నమ్ముకొన్నవారు ఇక్కడి పల్లెల్లో నమ్ముకొన్నవారి వంటివారే: కూలీనాలీ చేసుకొనేవారు, ఊరి చివర వాడల్లో కాపురముండేవారు, అక్షరం ముక్క రాదని ఎదుటివారు తీసిపారేసినవారు. అటువంటివారిని నాయకులుగా నిలబెట్టిన జీవితం గనుక ఇది మనకు పరాయిది కాదు. నేను ఈ జీవితాన్ని శ్రద్ధగా చదవడానికి నా సొంత పొరపాటు ఒకటి కారణమైంది. ఆ సంగతి చివర మనవి చేస్తాను.

బాల్యము, చదువు

అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తమిళదేశంలో తిరునల్వేలి ప్రాంతపు వెల్లాలన్‌విళై అనే చిన్న గ్రామంలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయకం గారు ఆ గ్రామంలోనే గురువు. తల్లి ఎలెన్ గారు భక్తురాలు. హన్నా వలె చాలాకాలం ప్రార్థించి కనిన కుమారుడు గనుక శామ్యూల్ అని పేరు పెట్టుకొన్నారు. 1889లో తండ్రి మరణించేనాటికి ఆ బాలునికి పదిహేనేళ్ళు. అప్పటి నుండి తల్లి పెంపకమే. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు గాని, పరీక్ష సమయంలో జబ్బుపడి పట్టా పుచ్చుకోకుండానే చదువు ముగించారు. పట్టా లేని ఆ యువకుడు తరువాత ఎందరో పట్టభద్రులకు అధ్యక్షుడయ్యారు. చదువు విలువ తెలిసినవారే గాని, చదువు లేనివాడు దేవుని పనికి పనికిరాడని మాత్రం వారు ఎన్నడూ తలంచలేదు.

1895లో వై.ఎం.సి.ఏ.లో సేవ ప్రారంభించి 1909 వరకు అందులో పనిచేశారు. దక్షిణదేశమంతా తిరిగి యువజనులను సమకూర్చడం వారి పని. ఒక ఊరిలో నాలుగు రోజులు ఉండి మాట్లాడితే చాలదు, తాము రైలెక్కి వెళ్ళిన తరువాత కూడా అక్కడి కుర్రవాళ్ళు కూడుకోవాలి. అందుకు అక్కడివారిలోనే ఒకరు పుస్తకం చూడాలి, ఒకరు లెక్క చూడాలి, ఒకరు ప్రార్థన నడిపించాలి. వెళ్ళిపోయే మనిషి తన పనిని ఉండిపోయే మనుషుల చేతిలో పెట్టి వెళ్ళాలి. ఈ పాఠం వారికి ఆ పద్నాలుగేళ్ళలో ఒంటబట్టింది.

1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడారు. ఆ రోజుల్లో కళాశాల చదువు వరకు వెళ్ళిన కొద్దిమంది దక్షిణాది క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. తరువాతి కాలంలో డోర్నకల్ పల్లెల స్త్రీలకు ఆమె తల్లి వంటిదయింది.

పంపినవాడే వెళ్ళాడు

1902లో అజరయ్య గారు సింహళదేశంలోని యాళ్పాణం వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులను, తమ ఊరు కాని ఊళ్ళకు సువార్త పనికి పంపడం కళ్ళారా చూశారు. తిరునల్వేలి సంఘం వారికంటే పెద్దది, పాతది. అయినా బయటికి ఒక్క మనిషినీ పంపలేదు. ఈ తలంపు వారిని ఊరకుండనివ్వలేదు. తిరిగి వచ్చి, స్వదేశీయులైన స్నేహితులతో కలసి 1903లో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. మరి రెండేళ్ళకు, 1905 క్రిస్మస్ నాడు, శ్రీరామపూరులో జాతీయ మిషనరీ సొసైటీ ఏర్పడింది. అందులోనూ వారు ముఖ్యులు. మనుషులు మనవారే, డబ్బు మనదే, నిర్వాహము మనదే అన్నది ఈ సంఘాల మూలసూత్రం. అంతవరకు దొరలు చేస్తే చూచేవారుగా, పెడితే తినేవారుగా ఉన్న భారత క్రైస్తవులను పనికి బాధ్యులుగా చేయడమే దాని ఉద్దేశం.

తిరునల్వేలివారు తమ పనికి పొలంగా ఎంచుకొన్నది మన నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతాన్ని. భాష వేరు, తిండి వేరు, అడవి దగ్గర, జ్వరాలు విస్తారం. మొదట కొందరిని పంపారు. పని కష్టంగా నడుస్తున్నది. అప్పుడు అజరయ్య గారికి ఒక ప్రశ్న ఎదురైంది. ఇతరులను వెళ్ళమని చెప్పి, నేను కుర్చీలో కూర్చొని ఉత్తరాలు రాయడం న్యాయమా? ముప్పైయైదేళ్ళ వయసులో, దేశమంతటా పేరున్న ఉద్యోగాన్ని విడిచి, 1909లో గురుపట్టాభిషేకం పొంది, భార్యాపిల్లలతో డోర్నకల్ చేరారు. మొదట నివాసం గుడారమే. తమిళుడైన వారు తెలుగు నేర్చుకొన్నారు. తెలుగులో బోధించారు, తెలుగులో పాడించారు.

పనిని పంచడం గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి ముందుగా చెప్పుకోవాలి. తాను చేయని పనిని ఇతరుల నెత్తిన వేయడం పంచడం కాదు. ఆ పనిలో చెయ్యి మురికి చేసుకొన్నవాడు చెబితేనే ఎదుటివాడు చెయ్యి చాపుతాడు.

బిషప్ పదవి

1910లో స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ఆ సభలో అజరయ్య గారు నిర్భయంగా మాట్లాడారు. విదేశ మిషనరీలు మా కొరకు ప్రాణాలు ధారపోశారు, ఆస్తి ఇచ్చారు, అందుకు కృతజ్ఞులమే. అయితే యజమానులుగా కాక మాతో స్నేహితులుగా ఉండండి అన్నది వారి మనవి సారాంశం. ఆ మాట కొందరికి కష్టం కలిగించింది. నేటికీ ఆ సభను తలచుకొనేవారు మొదట తలచుకొనేది ఆ ప్రసంగాన్నే. దానిలోని కోరిక దయ కొరకు కాదు, బాధ్యతలో వంతు కొరకు.

అప్పటి మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ గారి డయోసిస్ ఎంతో విశాలమైనది, తెలుగుదేశంలోని చాలా భాగం అందులోనిదే. ఒక్కడు ఇంతమందిని కాయలేడని వైట్‌హెడ్ గారు గ్రహించి, అందులో ఒక భాగాన్ని విడదీసి ఒక భారతీయునికి అప్పగించాలని పట్టుబట్టారు. దేశీయుని క్రింద దొరలు పనిచేస్తారా అని మిషనరీలలో కొందరు సంశయించారు. మనవారిలో కూడా ఒప్పుకోనివారు లేకపోలేదు. చివరకు 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో అజరయ్య గారికి బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ వారే. ఈ విధంగా వారి పదవి కూడా ఒకరు తన పనిని పంచుకొనగా వచ్చినదే.

మొదట డోర్నకల్ డయోసిస్ చిన్నది. 1920 ప్రాంతంలో కృష్ణా మండలపు మిషను ప్రాంతాలు కలిశాక అది చాలా పెద్దదయింది. పల్లెపల్లెన ప్రజలు కుటుంబాలు కుటుంబాలుగా బాప్తిస్మానికి సిద్ధపడుతున్నారు. 1941 నాటికి ఆ డయోసిస్ విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది. ఒక్క మనిషి రోజుకు పదిమంది చొప్పున, ఒక్క రోజు కూడా విశ్రాంతి లేకుండా పలకరించినా, రెండు లక్షల మందిని ఒక్కసారి చూచి రావడానికి యాభై నాలుగేళ్ళకు పైగా పడుతుంది. అరణ్యంలో మోషే ఉదయం నుండి సాయంకాలం వరకు ఒంటరిగా కూర్చొని తీర్పు తీర్చుచుండగా, మామ యిత్రో చూచి, నీవూ నలిగిపోతావు, ఈ ప్రజలూ నలిగిపోతారు అని హెచ్చరించిన సంగతి నిర్గమకాండము పద్దెనిమిదవ అధ్యాయంలో చదువుతాం. అజరయ్య గారికి ఆ హెచ్చరిక మరొకరు చేయనక్కరలేకపోయింది.

పనిని పంచిన విధము

మొదటి మెట్టు పల్లె ఉపదేశకుడు. పగలు పిల్లలకు బడి, రాత్రి పెద్దలకు బోధ, ప్రతి సాయంకాలం ప్రార్థన, రోగులను చూడటం, తగాదాలు తీర్చడం. ఇదంతా ఆ ఒక్క పల్లెకు ఆయన బాధ్యత. ఉపదేశకులలో చాలామంది పెద్ద చదువు చదివినవారు కారు, ఆ పల్లెల బిడ్డలే. వారికి జీతం స్వల్పం, గౌరవం మాత్రం పెద్దది. ఆ పల్లెలో సంఘమంటే వారే.

రెండవ మెట్టు గురువు. ఆ కాలంలో గురువు కావాలంటే ఇంగ్లీషు రావాలి, పెద్ద పరీక్షలు ప్యాసు కావాలి అన్న అభిప్రాయం ఉండేది. అజరయ్య గారు వేరు దారి పట్టారు. పల్లెలో కొన్నేళ్ళు ఉపదేశకునిగా పనిచేసి నమ్మకస్థుడని రుజువైన వానిని ఎంచి, డోర్నకల్ వేదాంత పాఠశాలలో తెలుగులోనే తరబీతు చేసి, గురుపట్టం ఇచ్చేవారు. ఈ విధంగా వారి కాలంలో పట్టం పొందిన దేశీయ గురువుల సంఖ్య నూరు దాటింది. థియలాజికల్ కాలేజీలో చదివి వచ్చిన నాబోటివాడు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించవలసి ఉంది. మేము మొదట పుస్తకం చదివి పిమ్మట పల్లెకు వచ్చాం. వారు మొదట పల్లెను చదివి పిమ్మట పుస్తకం పట్టుకొన్నారు.

ఆ పాఠశాలలో మరొక విశేషం ఉంది. తరబీతుకు వచ్చినవాడు ఒంటరిగా రాడు, భార్యతో, పిల్లలతో వచ్చి కాపురముంటాడు. భర్తతోపాటు భార్య కూడా చదువు, బైబిలు, శుభ్రత, పిల్లల పెంపకం నేర్చుకొనాలి. అజరయ్య గారి భార్య ఈ పనిలో ముందుండేది. పల్లెలో స్త్రీల మధ్యకు, వంటింటి గడప దాటి లోపలికి, ఏ గురువూ వెళ్ళలేడు. అక్కడ పరిచర్య చేయవలసినది గురువు భార్యే. ఆమెను సిద్ధపరచకపోతే సగం సంఘాన్ని వదలివేసినట్లే. మన వైపు పల్లెల్లో పాస్టరమ్మ అనే పిలుపు వెనుక ఇటువంటి చరిత్ర ఉన్నదని మన అమ్మాయిలకు తెలియాలి.

మూడవది సంఘ పెద్దల బాధ్యత. మన ఊళ్ళలో పంచాయితీ కొత్త కాదు. నలుగురు పెద్దలు చెట్టు క్రింద కూర్చొని వాదం విని తీర్పు చెప్పడం అనాదిగా ఉన్నదే. అజరయ్య గారు ఆ అలవాటును తోసివేయక సంఘంలోకి తెచ్చారు. తాగుడు, తగాదాలు, దొంగ పెండ్లిండ్లు, విగ్రహపూజకు తిరిగి పోవడం వంటి విషయాలను ముందుగా విచారించవలసినది ఆ ఊరి పెద్దలే. ఆపైన పాస్టరేటు కమిటీ, జిల్లా సంఘసభ, డయోసిస్ సభ. చదువు లేని రైతుకూలీ కూడా సభలో లేచి నిలబడి తన సంఘం తరఫున మాట్లాడే అవకాశం దీనివలన కలిగింది. ఊరి పంచాయితీలో అరుగు క్రింద చేతులు కట్టుకొని నిలబడినవాడు, సంఘ పంచాయితీలో పెద్దగా కూర్చొన్నాడు. ఇది చిన్న మార్పు కాదు.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, బాప్తిస్మము పొందిన ప్రతి మనిషి పనివాడే అన్న బోధ. కొత్తగా బాప్తిస్మము పొందినవారి చేత వారి చేతిని వారి తలమీదనే పెట్టించేవారు. తాను బాప్తిస్మము పొందిన క్రైస్తవుడననీ, సువార్త చెప్పకుండా ఊరకుంటే తనకు శ్రమ అనీ పలికించేవారు. అపొస్తలుడైన పౌలు కొరింథువారికి వ్రాసిన తలంపే అది. బిషప్ చెయ్యి తలమీద పడటం మనం ఎరుగుదుం. తన చెయ్యే తన తలమీద పెట్టుకోవడంలో ఉన్న అర్థాన్ని గమనించండి. ఈ భారాన్ని నీ మీద వేరొకరు వేయలేదు, నీవే ఒప్పుకొన్నావు అని ఆ చెయ్యి జ్ఞాపకం చేస్తుంది.

మాటతో సరిపెట్టలేదు. ఏటేటా సాక్ష్యవారం జరిపించేవారు. ఆ వారంలో జీతగాళ్ళే కాక, పురుషులు, స్త్రీలు, యువజనులు గుంపులు గుంపులుగా పాటలతో పొరుగు పల్లెలకు పోయి తాము నమ్మిన ప్రభువు గురించి చెప్పేవారు. వీరికి ప్రసంగాలు రావు. తాగుడు మానిన సంగతి, బిడ్డను బడికి పంపిన సంగతి, భయం పోయిన సంగతి చెప్పేవారు. 1930ల నాటికి ఇతర కులాలవారు కూడా వేలసంఖ్యలో సంఘంలో చేరసాగారు. దానికి కారణం పెద్ద ప్రసంగీకులు కాదనీ, నిరుపేదలైన విశ్వాసుల మారిన బ్రతుకులను ఇరుగుపొరుగువారు చూడటమేననీ అజరయ్య గారు గట్టిగా చెప్పేవారు.

ఐదవది కానుక. పేదవారు ఇవ్వలేరు, వారికి మనమే పెట్టాలి అన్న మాట పైకి దయగా ఉంటుంది. ఎల్లకాలం పుచ్చుకొనేవాడు ఎన్నటికీ ఇంటివాడు కాలేడు, అతిథిగానే ఉండిపోతాడు. అజరయ్య గారు క్రైస్తవుల దాతృత్వం గురించి ఒక పుస్తకమే రాశారు. డబ్బు లేకపోతే ధాన్యం, ధాన్యం లేకపోతే కోడిపిల్ల, అదీ లేకపోతే పిడికెడు బియ్యం. పిడికెడు బియ్యం ఇచ్చిన తల్లికి, ఆ బియ్యం ఏమయ్యాయో అడిగే హక్కు కూడా వస్తుంది. కోత పండుగనాడు జొన్నకంకులు, కందులు, చెరుకుగడలు మోసుకొని మనవారు వరుసగా బలిపీఠం దగ్గరకు వచ్చే దృశ్యాన్ని చూచిన ప్రతిసారీ నాకు ఈ సంగతి జ్ఞాపకం వస్తుంది.

ఇంత పంచి ఇచ్చి, తాము విశ్రాంతిగా కూర్చోలేదు. పంచడం వేరు, వదలివేయడం వేరు. బిషప్ గారు సంవత్సరంలో ఎన్నో నెలలు పల్లెలు తిరిగేవారు. ఉపదేశకులను కూర్చోబెట్టి మాట్లాడేవారు, పిల్లలను, పెద్దలను ప్రశ్నలడిగి ఏం నేర్చుకొన్నారో చూచేవారు. తప్పు చేసినవానిని మందలించేవారు. పనిని అప్పగించినవాడు దానిని చూచి రావడం అనుమానం చేత కాదు, ప్రేమ చేత అని వారి తిరుగుడు నిరూపించింది.

ముళ్ళు కూడా ఉన్నాయి

ఇదంతా సాఫీగా సాగిందనుకొంటే పొరపాటు. ఉపదేశకులకు జీతాలు చాలేవి కావు, పల్లెలు పెరిగినంత వేగంగా మనుషులు తయారయ్యేవారు కారు. ఆరంభకులు కొద్దిరోజులకే జారిపోయిన చోట్లు ఉన్నాయి. మాల, మాదిగ తేడాలు గుడి గడప దగ్గర ఆగక లోపలికి వచ్చాయి. ఒకరిని పెద్దగా ఎంచితే మరొక వాడవారు అలిగేవారు. ఒకే బల్ల దగ్గర కూర్చోవలసిందేనని బిషప్ గారు బోధించినా, ఆ రోగం వారి కాలంలో పూర్తిగా మానలేదు, మన కాలంలోనూ మానలేదు. వారు క్రమశిక్షణలో కఠినులు. కుటుంబానికి తండ్రి వలె తమ మాట చెల్లాలనే స్వభావం వారిలోనూ ఉన్నదని భావించినవారున్నారు. మహాత్ములను స్మరించేటప్పుడు వారిని దేవదూతలను చేయనక్కరలేదు. అధికారం చేతిలో ఉన్నవానికి దానిని పంచడం ఎంత కష్టమో, అంత కష్టం మధ్యనే వారు పంచారు. వారి గొప్పతనం అక్కడే ఉంది.

ఐక్యత, చివరి సంవత్సరాలు

సంఘాల ఐక్యత విషయంలో కూడా వారి తలంపు ఇదే. పల్లెలో హిందువులు మీరెన్ని రకాల క్రైస్తవులు అని అడిగితే ఏం జవాబు చెప్పాలి? 1919 మే నెలలో తరంగంబాడిలో 33 మంది సేవకులు కూడుకొన్నారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. దక్షిణ ఇండియా సంఘం కొరకు ప్రయత్నం అక్కడ మొదలైంది. దానికి అజరయ్య గారు నాయకులు. 1929 నుండి మరణించేవరకు జాతీయ క్రైస్తవ సమాలోచన సభకు అధ్యక్షులుగా ఉన్నారు. 1935 నుండి విదేశీయులైన ఎలియట్ గారు వారి క్రింద సహాయ బిషప్‌గా పనిచేశారు. దేశీయుని క్రింద దొరలు పనిచేస్తారా అన్న 1912 నాటి ప్రశ్నకు అదే జవాబు.

1939 జనవరి 6న, ప్రభువు ప్రత్యక్షతా పండుగ రోజున, డోర్నకల్ కథీడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. పాతికేళ్ళ ప్రయాస అది. గోపురాలు, స్తంభాలు, కమానులు చూస్తే మన దేశపు గుడుల పోలిక, మసీదుల పోలిక రెండూ కనబడతాయి. మన మెదక్ కథీడ్రల్ 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించబడింది. కరువుకాలంలో వేలాది కూలీల చేతులకు పని, కడుపుకు అన్నం పెట్టిన కట్టడం అది. ఈ రెండు దేవాలయాలను చూచినవారు రాళ్ళ అందాన్ని మెచ్చుకొని తిరిగి వస్తారు. ఆ రాళ్ళు మోసినవారు సంఘంలో భాగస్థులయ్యారా అన్నదే అజరయ్య గారు అడిగే ప్రశ్న.

1945 జనవరి 1న, డెబ్భైయవ ఏట, డోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించారు. వారు ఎంతో ఆశించిన దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది. ఆ దినాన్ని వారు చూడలేదు. అయితే వారు లేకపోయినా పని ఆగలేదు. పల్లెల్లో సాయంకాలం ప్రార్థన గంట మ్రోగుతూనే ఉంది, పెద్దలు కూడుకొంటూనే ఉన్నారు. నాయకుని పని మంచిదా కాదా అన్నది ఆయన ఉన్నప్పుడు తెలియదు, పోయిన మరుసటి ఆదివారం తెలుస్తుంది.

నా జేబులోని తాళపుచెవి

ఇప్పుడు నా పొరపాటు చెబుతాను. కొన్నేళ్ళ క్రిందట నేను పల్లెల సంఘాలను చూస్తున్నప్పుడు అన్ని పనులూ నేనే చేసేవాణ్ణి. గుడి తాళపుచెవి నా దగ్గరే, కానుకల లెక్క నా దగ్గరే, వి.బి.ఎస్. పాటలు నేర్పేది నేనే, క్రిస్మస్ దీపాలు కట్టించేది నేనే. అయ్యగారు ఎంత కష్టపడుతున్నారో అని అందరూ అంటే లోలోపల సంతోషించేవాణ్ణి. ఒక ఏడు నాకు పచ్చకామెర్లు వచ్చి నెలరోజులు మంచం పట్టాను. కోలుకొని మొదట ఒక చిన్న పల్లెకు వెళ్ళాను. గుడి తాళం ఆ నాలుగు ఆదివారాలూ తీయనే లేదు. తాళపుచెవి నా చొక్కా జేబులోనే ఉండిపోయింది. అరుగు మీద కూర్చొన్న ఒక వృద్ధురాలు, నాలుగు వారాలూ వచ్చి బయటనే కూర్చొని ప్రార్థన చేసుకొని పోయామని మెల్లగా చెప్పింది. అందులో నిష్ఠూరం లేదు. అదే నన్ను ఎక్కువగా పొడిచింది. నేను సంఘాన్ని కాయడం లేదు, సంఘానికి తాళం వేస్తున్నానని ఆ రోజు అర్థమైంది.

ఆ సాయంకాలమే తాళపుచెవి ఆమె చేతిలో పెట్టాను. ఆమెకు చదువు రాదు. అయినా ఆనాటి నుండి గంట ఒక్క ఆదివారమూ ఆలస్యం కాలేదు. తరువాత ఒక్కొక్క పనినీ ఒక్కొక్కరికి అప్పగించాను. లెక్కలు ఇద్దరు చూడాలి, నెలకొకసారి ఆరాధన తరువాత అందరి ఎదుట చదవాలి అని నియమం పెట్టుకొన్నాం. వి.బి.ఎస్.ను కాలేజీ చదువుతున్న ఆడపిల్లలు నడిపారు. మొదటి ఏడు నా అంత బాగా చేయలేదు. రెండవ ఏడు నాకంటె బాగా చేశారు. ఆ మొదటి ఏడు నోరు మూసుకొని కూర్చోవడమే నా జీవితంలో నేను చేసిన కష్టమైన పరిచర్య. లెక్కలో ఒకసారి తప్పు వచ్చింది. ఆ మనిషిని తీసివేయమన్నారు. తీసివేయలేదు, ప్రక్కన కూర్చొని మళ్ళీ నేర్పాం. ఈనాడు ఆయనే ఇంకొకరికి నేర్పుతున్నాడు.

మన చుట్టుప్రక్కల చూచినా ఇదే సాక్ష్యం. మన ఝరాసంగం మండలంలోని మాచ్‌నూరులో 2008లో సంఘం రేడియో మొదలైంది. దానిని నడపడానికి పట్నం నుండి పెద్ద చదువులవారిని తేలేదు. పొలం పని చేసుకొనే దళిత స్త్రీలే మైకు ముందు కూర్చొన్నారు. వీరి వల్ల అవుతుందా అని అడిగినవారికి వారి పనే జవాబు చెప్పింది. లోకంలో ఇది సాధ్యమైనప్పుడు, అందరూ ఒకే శరీరపు అవయవాలని బోధించే సంఘంలో సాధ్యం కాదా?

ప్రియులారా, ఈ శతజయంతి సంవత్సరంలో రంగులు వేయిస్తాం, కొత్త కుర్చీలు కొంటాం. అవన్నీ మంచివే. అయితే ప్రతి గురువు, ప్రతి సెక్రటరీ, ప్రతి సంఘపెద్ద, స్త్రీల మైత్రి నాయకురాలు, యువజన నాయకుడు ఒక్క మాట తమను తాము అడుగుకోవాలని నా మనవి. నా జేబులో ఎవరి తాళపుచెవి ఉండిపోయింది? నేను చేస్తున్న పనులలో ఈ ఏడు ఏది మరొకరికి అప్పగించగలను? అప్పగించేటప్పుడు పనినే కాక, తీర్మానించే హక్కును, పొరపాటు చేసే అవకాశాన్ని, మెప్పు పొందే అవకాశాన్ని కూడా ఇవ్వగలనా? కష్టం వారికి, కీర్తి మనకు అయితే అది పంచడం కాదు, వెట్టి చేయించడం. వెట్టి అంటే ఏమిటో నిజాం కాలపు మన తాతలకు బాగా తెలుసు.

ఇంతవరకు ఏ పనీ తీసుకోని సహోదరులకు, సహోదరీలకు కూడా ఒక మాట. అయ్యగారున్నారు గదా, కమిటీవారున్నారు గదా అని వెనుక బెంచీలో కూర్చోవద్దు. మీ చెయ్యి మీ తలమీద పెట్టుకొని చూడండి. ఆ చెయ్యి బరువు తెలిస్తే, ఆ పని మీదే.

అజరయ్య గారిని మనకు దయచేసిన దేవుడు, ఆయన పంచి ఇచ్చిన పనిని మన చేతులలో వర్ధిల్లజేయును గాక. ఆమెన్.